అడక్కముందే కొసరు

కూరగాయల బండి దగ్గర మా ఆవిడ బేరం చూసి తీరాలి. ముందు ధర దించుతుంది. తూకం దగ్గర ముల్లు మీదే కళ్లు పెడుతుంది. డబ్బులు చేతిలో పెట్టేముందు నాలుగు రెబ్బల కరివేపాకు కొసరు గుంజుతుంది. ఇంతమాత్రం బేరం మన నాయకులకు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్లది పెద్ద మనసు, అంతే. అవతలివాడు అడక్కముందే కొసరు ఇచ్చేస్తారు.

వేరే ఊళ్లలో బిల్డర్ ఇంకో నాలుగంతస్తులు కావాలంటే, "సరే, పేదలకు కొన్ని ఇళ్లు కట్టివ్వు" అని ప్రభుత్వం బేరానికి కూర్చోవచ్చు. మన హైదరాబాద్‌లో ఆ తలనొప్పి లేదు. 2006లోనే జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే జాగా విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశాం. రోడ్డు వెడల్పు, చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ సరిపోతే చాలు, ఎంత ఎత్తుకైనా లేపుకోవచ్చు. ఇక బేరానికి కూర్చుంటే మనవాళ్ల చేతిలో మిగిలింది కత్తెర, రిబ్బను.

అలాగని పేదల్ని మరిచిపోయారనడం పాపం. 2023 జూన్‌లో నగరం చివరన కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. ఇళ్లు బాగానే ఉన్నాయి, కాదనను. అమీర్‌పేటలో పొద్దున్నే అంట్లు తోమాల్సిన మనిషి అక్కణ్నుంచి ఎన్నింటికి బయల్దేరాలన్నది ఆమె చూసుకోవాల్సిన విషయం.

రెండు నెలలు తిరక్కుండానే కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. అంటే గజం రెండు లక్షల పైమాటే. తర్వాత ప్రభుత్వం మారింది, ఇందిరమ్మ ఇల్లు వచ్చింది: ఇంటికి 5 లక్షలు, ముందుగా సొంత జాగా ఉన్నవాళ్లకు. కోకాపేట లెక్కన ఆ 5 లక్షలకు రెండున్నర గజాలు కూడా రావు. దిగులెందుకు, ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదుగా! ఆ కాస్త జాగాలోనే ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు. మెట్లకు చోటు ఎక్కడన్నది ఇంజినీర్లు తేల్చాలి.

మా ఇంట్లో పనిచేసే ఆమె దగ్గర దరఖాస్తుల రసీదులన్నీ ఒక పాలిథిన్ కవర్లో మడతపెట్టి ఉంటాయి. మొన్న తీసి చూపించింది. సర్వేకొచ్చిన అబ్బాయి ఫోన్ చూసుకుంటూ "సొంత జాగా ఉందా?" అని అడిగాడట. లేదన్నదట. జాగా లేనివాళ్ల ఎల్-2 జాబితాలో పడ్డావని చెప్పి పోయాడట.

"ఎల్-2 అంటే రెండో ఫ్లోరా సార్?" అంది.