రెండు డాలర్ల ఘంటసాల

మొన్న ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు నాకో టేబుల్ ఇచ్చారు. హైస్కూల్ ఆడిటోరియంలో, బాత్రూములకు వెళ్ళే దారిలో. నేనే అడిగి తీసుకున్నాను కాబట్టి దానికి ఫిర్యాదు లేదు. ఇళ్ళలో పడి ఉన్న పాత రికార్డులు, పుస్తకాలు, ఇత్తడి సామాన్లు తెచ్చి పెట్టండి, నచ్చినవి పట్టుకెళ్ళండి, డబ్బుల మాటే లేదు అని వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు రాశాను. నలుగురు తెచ్చారు. మిగతాదంతా నా సరుకే.

పచ్చడి కప్పు పట్టుకుని ఒకావిడ వచ్చారు. వరసగా చూసుకుంటూ ఘంటసాల భగవద్గీత ఎల్పీ రికార్డు దగ్గర ఆగారు. "పండగ పూట ఇదెందుకు పెట్టారు అన్నయ్యగారూ? ఎవరైనా పోతే వేసేది కదా" అన్నారు. ఎక్కడ దొరికిందని అడిగితే థ్రిఫ్ట్ స్టోర్లో, అంటే జనం ఇచ్చేసిన పాత సామాన్లు చవగ్గా అమ్మే కొట్టులో అని చెప్పాను. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, "ఎవరు పోయిన ఇంట్లోదో ఏమో" అంటూ వెళ్ళిపోయారు. పావుగంటకి కమిటీ కుర్రాడొకడు వచ్చి, "అంకుల్, స్పాన్సర్ల ఫొటో ఇక్కడే తీస్తున్నాం, ఆ పాత సామాన్లు కాస్త కింద పెట్టేస్తారా?" అన్నాడు. పెట్టేశాను. పంచాంగ శ్రవణం అప్పుడే అయింది. నా రాశికి రాజపూజ్యం 2, అవమానం 6. లెక్క సరిపోయింది.

ఆ రికార్డు దొరికిన రోజు సంగతి చెప్పాలి. శనివారం పొద్దున, ట్రాయ్ అనే ఊళ్ళో ఒక థ్రిఫ్ట్ స్టోర్. రికార్డులెప్పుడూ పుస్తకాల అర కిందే ఉంటాయి. గొంతుక్కూర్చుని వెతకాలి, లేచేటప్పుడు మోకాళ్ళు మాట వినవు. క్రిస్మస్ పాటలు, చర్చి పాటలు, హెర్బ్ ఆల్పర్ట్, బార్బ్రా స్ట్రైసాండ్. ఏ షాపుకెళ్ళినా ఏ క్రేటులోనైనా వీళ్ళే. చేతులు అలవాటుగా తిప్పుకుంటూ పోతున్నాయి. తెలుగు అక్షరాలు కనిపించి, మరో రెండు రికార్డులు దాటిపోయాక గాని బుర్రకెక్కలేదు. వెనక్కి వచ్చాను. మీద 1.99 స్టిక్కర్.

బయటికి తీసి ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూశాను. పెద్ద గీతల్లేవు. కానీ మధ్య చిల్లు చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, గజిబిజిగా. ప్లేయర్ మీద పెట్టేటప్పుడు చిల్లు ఒక్కసారిగా కుదరదు, అటూ ఇటూ జరిపితే పడే గీతలవి. అన్ని గీతలున్నాయంటే ఇది అరలో అందానికి పెట్టుకున్నది కాదు, రోజూ వేసుకున్నది. అట్ట వెనక మూల నీలం ఇంకుతో "తెనాలి, 12-8-77" అని, కింద పొడి అక్షరాల సంతకం. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరిలో. ఆ తర్వాత మూడేళ్ళకి ఎవరో దీన్ని తెనాలిలో కొని, విరక్కుండా చీరల మధ్య పెట్టి విమానం ఎక్కించి ఉంటారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పుందని అనను. మా నాన్న పోయినప్పుడు మా వీధి చివర మైకులో మోగింది ఇదే. తర్వాత చాలా ఏళ్ళు నేనూ వినలేకపోయాను. కృష్ణుడు అర్జునుణ్ణి లేచి నిలబడమని చెప్పిన మాటల్ని శవం పక్కన కూర్చోబెట్టింది మనమే. గొంతుదేం తప్పు?

నాకు గుచ్చుకున్నది రెండో మాట. "ఎవరు పోయిన ఇంట్లోదో." వాడిన వస్తువు అనగానే ఎంగిలి తగిలినట్టు చూస్తాం. మరి పుట్టిన బిడ్డని పురుడు వెళ్ళేదాకా చుట్టేది అమ్మమ్మ పాత చీర ముక్కల్లోనే కదా? అన్న పుస్తకాలు తమ్ముడికి, తమ్ముడివి పక్కింటివాళ్ళకి. కోఠీలో సెకండ్‌హ్యాండ్ గైడ్లు కొని ఇంజినీరింగ్ పాసైనవాళ్ళు మన అసోసియేషన్ బోర్డులోనే సగంమంది ఉంటారు. నానమ్మ గొలుసు వేసుకునేటప్పుడు ఎవరు పోతే వచ్చిందని ఎవరూ అడగరు. వాడిన కామ్రీ కారుకి అంటని ఎంగిలి రెండు డాలర్ల రికార్డుకి ఎలా అంటింది?

కారణం తెలియక కాదు. రెండు సూట్‌కేసులతో వచ్చి, ఎవరో పారేసిన పరుపు మీద మొదటి ఏడాది పడుకున్నవాళ్ళకి పాత వస్తువు అంటే ఆ రోజులే గుర్తొస్తాయి. పరుపులు, దిండ్లు నేనూ ముట్టుకోను, నల్లులంటే నాకూ భయమే. పైగా ఈ పిచ్చి ముదిరితే ఏమవుతుందో మా గరాజ్ చూస్తే తెలుస్తుంది. మా ఆవిడ కారు రెండు చలికాలాలుగా మంచులోనే ఉంటోంది. అదీ ఒప్పుకుంటాను.

కానీ ఒక్కటి ఆలోచించండి. 1965 అమెరికా వలస చట్టం తర్వాత డాక్టర్లుగా, ఇంజినీర్లుగా వచ్చిన మన మొదటి తరం ఇప్పుడు ఎనభైల్లో ఉంది. పెద్ద ఇళ్ళు అమ్మి చిన్న వాటిలోకి మారుతున్నారు, కొందరు వెళ్ళిపోతున్నారు. పిల్లలకి తెలుగు చదవడం రాదు. రికార్డులు, పంచాంగాలు, పేర్లు చెక్కించిన స్టీలు గిన్నెలు అన్నీ ఒకే డబ్బాలో గుడ్‌విల్ అనే థ్రిఫ్ట్ స్టోర్‌కి పోతాయి. అక్కడివాళ్ళకి మాత్రం ఏం తెలుస్తుంది? ఘంటసాలకీ క్రిస్మస్ పాటలకీ ఒకే ధర. అమ్ముడుపోకపోతే అవుట్‌లెట్‌లో తూకానికి, అక్కడా పోకపోతే చెత్తలోకి. గుడ్‌విల్ 1902లో బోస్టన్‌లో మొదలైందే, ఉన్నవాళ్ళ ఇళ్ళలోని పాత సామాను వలస వచ్చిన పేదల చేత బాగుచేయించి వాళ్ళకి పని చూపించడానికి. వలస వచ్చినవాళ్ళ సామాను వలస వచ్చినవాళ్ళే తీసుకోకపోవడం మాత్రం మన దగ్గరే చూస్తున్నాను.

కుర్రాళ్ళకి పట్టదు అనకండి. అమెరికాలో 2022లో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అదే మొదటిసారి. మా అమ్మాయి కొత్త రికార్డుకి ముప్ఫై అయిదు డాలర్లు పోస్తుంది. ఆ రోజు టేబుల్ దగ్గర ఎక్కువసేపు నిలబడింది కూడా ఒక హైస్కూల్ పిల్లే. ఎవరో తెచ్చిన 78 రికార్డు, అదే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలంది, పట్టుకుని ఇంత బరువేమిటి అని అడిగింది. రాతిపొడి కలిపిన లక్క అని చెప్పాను. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే. ప్రపంచంలో రికార్డులు చేసేవాళ్ళకి అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేదన్నాను. స్పిరిట్‌తో తుడవకు, కరిగిపోతుంది అని కూడా చెప్పి ఇచ్చేశాను.

ఘంటసాలని ఒక పెద్దాయన తీసుకెళ్ళారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అట్ట వెనక అంతా చదివారు, ఆ నీలం ఇంకు సహా. భోజనాలకి లైన్ కట్టమని మైకులో రెండుసార్లు పిలిచినా కదల్లేదు. "ప్లేయర్ లేదండీ మా ఇంట్లో" అంటూనే చంకలో పెట్టుకున్నారు.

డబ్బా గుడ్‌విల్ దారి పట్టేముందు గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి తీసుకెళ్తాను. దీపావళికి మళ్ళీ టేబుల్ అడుగుతాను. బాత్రూముల పక్కనైనా సరే. ఈసారి ప్లేయర్ కూడా తెస్తాను, కమిటీ వాళ్ళు ఒక ఎక్స్‌టెన్షన్ కార్డ్ ఇస్తే చాలు.