హనోయ్‌లో నీలం నోట్ల బాధ

వియత్నాం రాజధాని హనోయ్ వచ్చి మూడు రోజులైంది. మా ఆయనా నేనూ వీపున బ్యాగులేసుకుని హోన్ కియెమ్ చెరువు చుట్టూ, పాత బస్తీ సందుల్లో తెగ తిరుగుతున్నాం. ఊరు చాలా నచ్చింది. కానీ ఈ నోట్లతో ప్రాణం విసిగిపోతోంది! 20,000 డాంగ్‌ల నోటూ నీలమే, 5,00,000 డాంగ్‌ల నోటూ నీలమే. రెండూ ప్లాస్టిక్‌వే, రెండింటి మీదా వాళ్ల జాతీయ నేత హో చి మిన్ బొమ్మే. విలువలో తేడా మాత్రం 25 రెట్లు.

నిన్న రాత్రి టాక్సీ దిగేటప్పుడు, ఆ మసక వెలుతురులో ఆయన చిన్న నోటనుకుని పెద్దది ఇచ్చేశారు. డ్రైవర్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు, ఒక్క మాటైనా చెప్పలేదు. రూముకొచ్చి లెక్క చూసుకుంటే కడుపు మండిపోయింది. అవి మా రెండు రోజుల తిండి డబ్బులు. కొత్తవాళ్లమని తెలిసి కూడా చెప్పకపోవడం అన్యాయం కాదా?

ఇక ఫుట్‌పాత్‌ల నిండా బైకులే. మిగిలిన కాస్త చోటులో చిన్న స్టూళ్లు వేసి ఫో అనే నూడుల్స్ సూప్ అమ్ముతుంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, అది వాళ్ల బతుకుతెరువు. కానీ బండ్లు పెట్టేవాళ్లు నడిచేవాళ్ల కోసం ఒక్క అడుగు జాగా వదలొచ్చు కదా! ఇంత బరువుతో, ఆగని బైకుల మధ్య నడవాలంటే టెన్షన్.

పెద్ద నోట్లన్నీ ఇవాళ పొద్దున్నే తీసి నా పర్సులో విడిగా దాచేశాను.