అడ్మిన్ గారు ఊళ్ళో లేరు

మా బావ పగలంతా బండి మీద కవర్లు బట్వాడా చేస్తుంటాడు. రాత్రిళ్ళు సినిమా వేషాల కోసం తిరుగుతుంటాడు. కాపురం లాస్ ఏంజెలెస్‌లో. జాక్ అని మంచి కుక్క ఉంది. రమ్ములో అనాసరసం, కొబ్బరిపాలు కలిపి తాగడమంటే ప్రీతి. ఇవేవీ నేనంటున్న మాటలు కావు. గుంటూరు పట్నం బజారులో ఉన్న ఆయన పచ్చళ్ళ కొట్టు వెబ్‌సైటు ఏడాదిన్నరగా లోకానికి చెబుతున్న సంగతులు. ఏటా భవానీ మాల వేసుకుని బెజవాడ కొండకి నడిచి వెళ్ళే మనిషి ఆయన.

ఆ సైటు కట్టింది నేనే.

కోడు రాయడం రానివాళ్ళు కూడా సైటు కట్టుకునేందుకు వర్డ్‌ప్రెస్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని ఎక్కించగానే నమూనాగా ఒక పేజీ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మీ గురించి ఇలా రాసుకోండి అని చూపించే ఉత్తుత్తి పరిచయం అది. తీసేసి మన సంగతి మనం రాసుకోవాలి. నేను తీయలేదు. అదే పేజీలో కాస్త కిందికి వెళ్తే వ్యాపారస్తులకి ఇంకో నమూనా ఉంటుంది: 1971లో స్థాపించాం, గోథమ్ సిటీలో ఉన్నాం, 2,000 మందికి పైగా పనిచేస్తున్నారు అని. బావ కొట్లో పనిచేసేది ఇద్దరు. అందులో ఒకరు మా అక్క. పీఎఫ్ వాళ్ళ కంటపడలేదు గనక బతికిపోయాం.

ఈ విషయమై బంధువర్గంలో నామీద కొన్ని విమర్శలు వచ్చాయి. వాటికి సమాధానంగానే ఈ నాలుగు మాటలు. వర్డ్‌ప్రెస్ లాంటివాటిని ‘కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అంటారు. ఆ పేరులో మధ్యమాట మన ప్రాంతానికి పడదు. దాన్ని తొలగించాలని పెద్దలకి నా మనవి. కంటెంటుకి మన దగ్గర కొదవలేదు. సిస్టమంటారా, వాళ్ళే ఉచితంగా ఇస్తున్నారు. వచ్చిన చిక్కల్లా ఆ మేనేజ్‌మెంటుతోనే. మనం శంకుస్థాపన చేస్తాం, ప్రారంభోత్సవం చేస్తాం. ఆ రెండూ అయ్యాక వచ్చేదంతా మన లెక్కలో శూన్యమాసం.

చరిత్ర కూడా నా పక్షానే ఉంది. వర్డ్‌ప్రెస్‌కి ముందు బీ2 అని బ్లాగులు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. దాన్ని రాసి చూసుకుంటున్న మిషెల్ వాల్‌డ్రిగీ కొన్ని నెలలు అజాపజా లేకుండా పోయాడు. దాన్ని నమ్ముకున్నవాళ్ళలో 19 ఏళ్ళ అమెరికా కుర్రాడు మాట్ మల్లెన్‌వెగ్, ఇంగ్లండాయన మైక్ లిటిల్ కలిసి ఆ కోడునే ముందుకు తీసుకుపోయి 2003 మే 27న వర్డ్‌ప్రెస్ అని విడుదల చేశారు. ఇవాళ లోకంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా దానిమీదే నడుస్తున్నాయి. అంటే ఏమిటి? అడ్మిన్ ఊళ్ళో లేకపోవడం వల్లనే ఇంత సామ్రాజ్యం పుట్టింది. ఆ లెక్కన నేను చేసింది తప్పెలా అవుతుందో విమర్శకులే చెప్పాలి.

సంఘాలు చీల్చడంలోనూ వాళ్ళు మనకి తీసిపోరు. 2005లో మాంబో అనే సిస్టమ్ నుంచి డెవలపర్లు అలిగి బయటికొచ్చి జూమ్లా పెట్టుకున్నారు. స్వాహిలీలో ఆ మాటకి ‘అందరూ కలిసి’ అని అర్థం. విడిపోయి మరీ ఆ పేరు పెట్టుకున్నారంటే వాళ్ళకి ఎక్కడో గుంటూరు నీళ్ళు పడి ఉండాలి.

నేను ఈ విద్య నేర్చుకున్నది బ్రాడీపేటలో, ఒక మేడమీది రేకుల గదిలో. 45 రోజుల కోర్సు. అయిదు నిమిషాల ఇన్‌స్టలేషన్ అని వర్డ్‌ప్రెస్ వాళ్ళు చెప్పుకునేది అక్షరాలా నిజం. తెప్పించిన టీ చల్లారకముందే నా సైటు లేచి నిలబడింది. మాస్టారు బ్రాడీపేటనే నల్లబల్ల చేసుకునేవాడు. ‘‘నీ ఇల్లెక్కడ?’’ ‘‘4/14 అండీ.’’ ‘‘నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఇంకొకర్ని అడగక్కర్లేదు, నేరుగా వచ్చేయొచ్చు. పర్మాలింకంటే అదే, పేజీకుండే మారని చిరునామా.’’ హోస్టింగంటే స్థలానికి అద్దె. డొమైనంటే గుమ్మం మీద పేరు. థీమంటే గోడలకి రంగు. ప్లగిన్లంటే సైటుకి అదనపు పనుల కోసం తగిలించే ముక్కలు, అద్దెకున్నవాళ్ళు ఎవరికివాళ్ళు బిగించుకున్న గీజర్ల లాంటివి. రెండు కలవనివి ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతుంది, తెర తెల్లగా అయిపోతుంది. ఇంత బాగా చెప్పినాయన్ని నేను ఇంజినీరింగ్ కాలేజీలో కూడా చూడలేదు.

బ్యాకప్పులు, అప్‌డేట్లు, భద్రత, ఈ మూడూ 45వ రోజు పాఠం. 45వ రోజున సర్టిఫికెట్ల ప్రదానోత్సవం వచ్చి పడింది. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. ‘‘ఈలోపు ఆ పాఠం చెప్పేయొచ్చుగా సార్’’ అని తెనాలి నుంచి వచ్చే కుర్రాడొకడు అడిగితే, వాణ్ణి కుర్చీలు సర్దమన్నారు. శాలువాలు కప్పించుకుని అందరం వెబ్ డిజైనర్లమయ్యాం.

ఇక కంటెంటు. బావ దగ్గర పాతికేళ్ళ కరపత్రాలున్నాయి, అన్నీ అను ఫాంట్లలో డీటీపీ చేయించినవి. ఆ ఫైలు తెచ్చి, కాపీ చేసి, సైటులో అంటించాను. గోంగూర ఉండాల్సిన చోట డాలరు గుర్తూ, తలకిందుల ప్రశ్నార్థకమూ, నెత్తిన టోపీ పెట్టుకున్న ఇంగ్లీషక్షరాలూ ప్రత్యక్షమయ్యాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు గుర్తుల గదుల్లో మన అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే గది అసలు సొంతదారు తలుపు తీసుకుని బయటికొస్తాడు. లోకంలోని భాషల అక్షరాలన్నిటికీ తలా ఒక నంబరిచ్చే యూనికోడులో తెలుగుకి 1991లోనే సొంతంగా 128 గదులు కేటాయించినా, గృహప్రవేశం చేయకుండా అద్దింట్లోనే ఉండిపోయిన డీటీపీ సెంటర్లు ఇప్పటికీ ఉన్నాయి. బావ కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

‘‘ఇది అమెరికా వాళ్ళ కోసం రాశావా బామ్మర్దీ?’’

‘‘అవును బావా.’’

తర్వాత ఒక్క ఆవకాయ పేజీ మాత్రం కూర్చుని సరిగ్గా తెలుగులో కొట్టాను. దాని లింకు వాట్సాప్‌లో పంపితే నాలుగక్షరాల ఆవకాయ కాస్తా శాతం గుర్తులతో 45 అక్షరాల దండకమైంది. లింకుల్లోకి వెళ్ళేటప్పుడు మన ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం తొమ్మిదేసి గుర్తులుగా విడిపోతుందట. మా పిన్ని దాన్ని బ్యాంకు మోసం అనుకుని వెంటనే డిలీట్ చేసి, నాకు ఫోన్ చేసి జాగ్రత్త చెప్పింది.

సైటుని లోపల్నుంచి నడిపే తెర, అదే డ్యాష్‌బోర్డులో, ఎర్ర సున్నాలో 27 అని కనపడిన రోజు బావ సంబరం చూడాలి. 27 ఆర్డర్లు అనుకున్నాడు. అవి చేయాల్సిన అప్‌డేట్లు. ఆ పక్కనే ఆమోదం కోసం కాచుకున్న కామెంట్లు 1,400. ‘మీ రచన అద్భుతం, ఎంతో నేర్చుకున్నాను, ఇలాగే రాస్తూ ఉండండి’ అని రకరకాల దేశాల నుంచి, ఆ డాలరు గుర్తుల గోంగూర పేజీకి. ఇలాంటివాటిని ఏరిపారేసే ఆకిస్మెట్ అనే ప్లగిన్ వర్డ్‌ప్రెస్‌తో పాటే వస్తుంది, మనం పనికి పెట్టుకోవడమే తరువాయి. నేను ముట్టుకోలేదు. పొగిడేవాళ్ళని ఆపే మీట మన జిల్లాలో ఎవరు నొక్కుతారండీ? బావ వాటిలో రెండు ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, గల్లాపెట్టె వెనక తగిలించాడు.

మా వీధి సాహితీ సంఘానికీ ఒక సైటు కట్టాను. దాని కథ పెద్దది, ఒక్క ముక్కే చెబుతాను. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా అయిదు హోదాలుంటాయి: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. కంట్రిబ్యూటర్ రాయొచ్చు గానీ ప్రచురించుకోలేడు అని చెప్పగానే ఒక కవిగారు లేచి వెళ్ళిపోయారు. గౌరవాధ్యక్షుడు అనే హోదా లేకపోవడం ఆ సిస్టమ్‌లో పెద్ద లోపం. 20 ఏళ్ళు దాటినా సరిచేయలేదు. చివరికి 11 మందికీ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చాను. ఇవ్వగానే 11 మందీ తలొకసారి ముఖచిత్రం మార్చి తమ ఫొటో పెట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్ళలో ఒక్కరూ లాగిన్ కాలేదు. సైటులో మొదటి టపా ఇప్పటికీ దాంతో పాటు వచ్చిన ‘హలో వరల్డ్’ ఒక్కటే. కవిత్వంగా చూస్తే అదే మేలు.

ఈ మధ్య గూగుల్‌లో బావ కొట్టు పేరు కొడితే జపాను భాషలో చేతిసంచుల ధరలు వస్తున్నాయి. తెనాలి కుర్రాడికి ఫోన్ చేశాను. (వాడు తర్వాత ఆ పాఠం సొంతంగా నేర్చుకున్నాడు, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం.) ‘‘థీము ఎక్కడిదన్నా?’’ అన్నాడు. డబ్బులు పెట్టి కొనాల్సిన థీమది, స్నేహితుడి పెన్‌డ్రైవులోంచి తెచ్చుకున్నాను. ‘‘ఉచితంగా వేల థీములిస్తుంటే దొంగది తెచ్చుకున్నావా? అందులో దొంగతలుపు పెట్టే ఇస్తారన్నా.’’ ‘‘పాస్‌వర్డు?’’ అని కూడా అడిగాడు. చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ‘‘బ్యాకప్?’’ నేను శాలువా కప్పుకున్న ఫొటో వాట్సాప్‌లో పంపాను.

బావకి మాత్రం ఈ గొడవలేమీ పట్టలేదు. జపాను దాకా వెళ్ళామన్నది ఆయన లెక్క. మా మేనకోడలు సెలవులకొచ్చి నమూనా పేజీ గట్టిగా చదివి అర్థం చెప్పినప్పుడు మాత్రం అక్క పొయ్యి కట్టేసి వచ్చింది. లాస్ ఏంజెలెస్ కాపురం గురించి బావని ఒక్క మాట అడగలేదు. రమ్ము గురించి మాత్రం అడిగింది. ఆ పేజీ మార్చేదాకా నాకు ఆ ఇంట్లో కాఫీ లేదంది. మారుద్దామంటే లాగిన్ కావడంలేదు. పాస్‌వర్డు జపానువాళ్ళు మార్చేశారు.

ఈలోగా పట్నం బజారులో ఇంకోటి జరిగింది. కొట్టు మెట్ల మీద పడుకునే ఊరకుక్కని మా మేనకోడలు జాక్ అని పిలవడం మొదలెట్టింది. పక్క కొట్టువాళ్ళూ అదే అందుకున్నారు. నిన్న నేను వెళ్ళేసరికి బావ దానికి పెరుగన్నం పెడుతున్నాడు. ‘‘వెబ్‌సైటులో ఉందిగా బామ్మర్దీ’’ అన్నాడు.