పడిపోయిన కోచ్‌కి పదవి కూడా పోవాలా?

2013 సెప్టెంబర్ 14. అమెరికాలోని మినియాపొలిస్‌లో మినెసోటా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకీ వెస్టర్న్ ఇల్లినాయికీ మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి మినెసోటా హెడ్ కోచ్ జెర్రీ కిల్‌కి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండో సగమంతా హెడ్ కోచ్ లేకుండానే గడిచింది. మినెసోటా 29-12తో గెలిచింది.

మర్నాటి నుంచి జరిగిన రచ్చలో ఈ స్కోరు ఊసెత్తినవాళ్లు తక్కువ. ఈయన్ని ఇంకా ఎన్నాళ్లు భరిస్తారన్నదే ప్రశ్న. అది మొదటిసారి కాదు మరి. 2011లో న్యూ మెక్సికో స్టేట్‌తో ఆడుతూండగా సైడ్‌లైన్ పక్కనే, వేలమంది చూస్తూండగా పడిపోయాడు. 2012లో మిషిగన్ స్టేట్ మ్యాచ్ మధ్యలో మళ్లీ వచ్చింది. టికెట్టు కొనుక్కుని వచ్చినవాడికి ఇలాంటి దృశ్యం చూపించడమేమిటని ఒక స్థానిక కాలమిస్టు రాసి, కడుపునిండా తిట్లు తిన్నాడు. తిట్టినవాళ్లలో చాలామంది లోలోపల ఆయనతో ఏకీభవించారనే నా అనుమానం.

పదేళ్లు దాటినా ఈ కేసు నన్ను వదలదు. ఏ కోచ్ ఆసుపత్రి పాలైనా జనం అడిగేది ఇదే ప్రశ్న, నా జవాబూ ఎప్పుడూ ఒకటే: ఉంచుకోవాలి. జాలి చూపించమని అడగడం లేదు. కోచ్ పని ఏమిటో తెలిసినవాళ్లు వేరే మాట అనలేరని అంటున్నాను.

అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, మన ఫుట్‌బాల్‌తో పేరు తప్ప పోలిక లేదు) చూసేవాళ్లకి ఇది తెలుసు. కాలేజీ జట్టులో వందమంది దాకా కుర్రాళ్లుంటారు. దాడికి ఒక కోఆర్డినేటర్, డిఫెన్స్‌కి ఒకడు, వాళ్ల కింద మళ్లీ అసిస్టెంట్లు. కొందరు పైన గాజు గదిలో కూర్చుని హెడ్‌సెట్‌లో కిందికి చెబుతుంటారు. వారమంతా వీడియోలు చూసి, ఎప్పుడు ఏ ఎత్తు వేయాలో రాసుకుని, కుర్రాళ్లచేత వందసార్లు చేయించి తెస్తారు. మ్యాచ్ జరిగే శనివారం మధ్యాహ్నానికి హెడ్ కోచ్ పని ముప్పావు వంతు అయిపోయే ఉంటుంది. పెళ్లి వంట లాంటిదే అది. పందిట్లో వడ్డన మొదలయ్యాక వంటమేస్త్రి ఓ మూల కునుకు తీసినా విస్తళ్లలో లోటు కనిపించదు. కనిపించిందంటే ఆ లోటు నిన్న రాత్రిది.

ఆ అక్టోబర్‌లో మిషిగన్‌తో మ్యాచ్ రోజు పొద్దున కిల్‌కి ఇంకోసారి ఫిట్స్ వచ్చాయి, వెళ్లలేకపోయాడు. మినెసోటా 42-13తో చిత్తుగా ఓడింది. తీసేయమన్నవాళ్లకి అంతకంటే ఏం కావాలి! కిల్ సెలవు పెట్టి చికిత్సకి వెళ్లాడు. పగ్గాలు డిఫెన్స్ కోఆర్డినేటర్ ట్రేసీ క్లేస్ చేతికి వచ్చాయి. ఆ తర్వాత నార్త్‌వెస్టర్న్, నెబ్రాస్కా, ఇండియానా, పెన్ స్టేట్, వరసగా నాలుగు విజయాలు. కాస్త కోలుకున్నాక కిల్ పైన గాజు గదిలో కూర్చుని చూశాడు. 2014లో అదే కిల్ బిగ్ టెన్ (మినెసోటా ఆడే లీగ్) ఉత్తమ కోచ్ అయ్యాడు.

ఈ నాలుగు విజయాల్ని చూపించి "చూశారా, కిల్ లేకపోయినా నడుస్తుంది, ఇంకెందుకు ఆయన?" అన్నవాళ్లూ ఉన్నారు. నాకు ఒళ్లుమండేది ఇక్కడే. ఆ క్లేస్ ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు? దాదాపు ఇరవై ఏళ్లుగా, ఒక చిన్న కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి, కిల్ వెంటే తిరిగిన మనిషి. తను లేని రోజున ఎవరు ఏం చేయాలో తెలిసిన బృందాన్ని కిల్ ఏళ్లతరబడి కూడగట్టుకున్నాడు. 2005లో కిడ్నీ క్యాన్సర్ నుంచి బయటపడ్డవాడు, ఫిట్స్‌తో ఏళ్లుగా బతుకుతున్నవాడు. తను ఏ రోజైనా లేకపోవచ్చని అతనికి తెలిసినంతగా, రోజుకి పద్దెనిమిది గంటలు పనిచేసి దాన్ని గొప్పగా చెప్పుకునే ఆరోగ్యవంతుడికి తెలియదు. నన్నడిగితే జబ్బు కిల్‌ని మెరుగైన కోచ్‌ని చేసింది. తాను లేకపోతే ఆఫీసు ఆగిపోతుందని మురిసిపోయే బాసులు మన దగ్గర ఎందరో. ఆగిపోతే అది ఆ బాసు చేతగానితనమే.

అవతలివాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. 1985 సెప్టెంబర్‌లో కార్డిఫ్‌లో వేల్స్‌తో మ్యాచ్ చివర్లో స్కాట్లాండ్ ఫుట్‌బాల్ (ఇది మన ఫుట్‌బాలే) కోచ్ జాక్ స్టీన్ కుప్పకూలి, స్టేడియంలోనే పోయాడు. 62 ఏళ్లు. లివర్‌పూల్ కోచ్ జెరార్ ఉలియేకి 2001 అక్టోబర్‌లో లీడ్స్‌తో ఆట మధ్యలో గుండెనొప్పి వచ్చింది, 11 గంటల ఆపరేషన్ చేశారు. ఐదు నెలలకి తిరిగొచ్చాడు, ఆ ఏడు లివర్‌పూల్ రెండో స్థానంలో నిలిచింది, కానీ మరుసటి ఏడు ఐదుకి జారింది. ఆయన మునుపటి ఉలియే కాదని అభిమానులు అన్నారు. కిల్ కూడా 2015 అక్టోబర్‌లో కన్నీళ్లతో తప్పుకున్నాడు. కొడుకుని ఆ కోచ్ చేతిలో పెట్టే తల్లిదండ్రులకి భయం ఉండదా? ఉంటుంది.

కానీ ఉలియే తర్వాత ఏం చేశాడు? లియోన్‌కి వెళ్లి వరసగా రెండు ఫ్రెంచ్ లీగ్ టైటిళ్లు గెలిచాడు. 1991లో బైపాస్ అయిన బార్సిలోనా కోచ్ యోహాన్ క్రైఫ్ సిగరెట్ మానేసి నోట్లో లాలీపాప్ పెట్టుకుని బెంచి మీదికి తిరిగొచ్చాడు. 1992లో బార్సిలోనాకి మొట్టమొదటి యూరోపియన్ కప్ వచ్చింది ఆయన చేతుల మీదుగానే. కిల్ కథ ఇంకా చిత్రం. ఎవరూ గెంటకుండా, తన ఒళ్లు తనకి చెప్పినప్పుడు దిగిపోయాడు. 2021 చివర్లో ఆయన్ని మళ్లీ హెడ్ కోచ్‌గా పిలిచింది న్యూ మెక్సికో స్టేట్. 2011లో ఎవరితో ఆడుతూ పడిపోయాడో వాళ్లే! 2023లో ఆ జట్టు పది మ్యాచ్‌లు గెలిచింది. ఆబర్న్ లాంటి కొమ్ములు తిరిగిన జట్టుని వాళ్ల సొంత మైదానంలోనే 31-10తో ఓడించింది.

అయితే ఒక మెలిక ఉంది. జబ్బు చేసిన కోచ్‌ని ఎప్పటికీ తీయకూడదని నేననను. ఇటలీలో బొలోన్యా ఫుట్‌బాల్ క్లబ్ కోచ్ సినిషా మిహాయ్‌లోవిచ్‌కి 2019లో లుకేమియా (రక్త క్యాన్సర్) వస్తే క్లబ్ మూడేళ్లు అండగా నిలబడింది. 2022 సెప్టెంబర్‌లో జట్టు ఐదు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవకపోయేసరికి తీసేసింది. ఆ డిసెంబర్‌లోనే ఆయన చనిపోయాడు. క్లబ్‌ని రాక్షసుల్లా చూశారు కొందరు. నేను చూడలేను. ఓడిపోతే మిగతా కోచ్‌లని ఎలా తీసేస్తారో ఆయన్నీ అలాగే తీశారు, అంటే చివరిదాకా ఆయన్ని రోగిగా చూడలేదు, కోచ్‌గానే చూశారు. తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది, నిజమే. అయినా నా మాట అదే.

మనకీ ఒక పాత లెక్క ఉంది. హైదరాబాద్ స్కూలు మాస్టారు, సిటీ పోలీస్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనల్ని నాలుగో స్థానంలో నిలబెట్టిన మనిషి. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో, స్టేడియమంతా మనల్ని గేలిచేస్తుంటే, తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకి తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించాడు. రెండో గోల్ జర్నైల్‌దే. దక్షిణ కొరియాపై 2-1, ఆసియా క్రీడల స్వర్ణం. తొమ్మిది నెలలు గడిచాక 1963 జూన్ 11న రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆ స్వర్ణం మళ్లీ రాలేదు, 1970 బ్యాంకాక్ కాంస్యమే ఆఖరి పతకం. అంత బరువూ ఒక్క మనిషి భుజాల మీద పెట్టి, ఆయన పోయాక చేతులు దులుపుకున్నాం.

అసలు ఇదంతా రాయడానికి కారణం ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఆఫీసులో ఒక కుర్రాడు మీటింగ్ మధ్యలో ఫిట్స్‌తో పడిపోయాడు. క్షణాల్లో నాలుగు తాళంచెవుల గుత్తులు అతని చేతిలోకొచ్చాయి. క్యాంటీన్ నుంచి ఉల్లిపాయ తెచ్చారు. ఒకాయన చెప్పు తీసి ముక్కు దగ్గర పెట్టాడు. ఇంకొకాయన పళ్ల మధ్య స్పూను దూర్చబోయాడు. ఎవరూ అతన్ని పక్కకి తిప్పలేదు, ఎవరూ గడియారం చూడలేదు. చాలావరకు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆసుపత్రికి పరుగులు పెట్టాలి. ఆ కుర్రాడు రెండు నిమిషాల్లో లేచాడు. రెండు వారాల్లో ఉద్యోగం పోయింది. "కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి" అన్నారు, అంత మర్యాదగా. కారణం పనిలో లోపమని కాగితం మీద పెట్టారు. ఆ పక్క టేబులే నాది, నేనూ నోరు మెదపలేదు.

మనవాళ్లు ఎందుకు దాస్తారో అర్థం చేసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం 1999లో సవరించేదాకా పిచ్చినీ మూర్ఛనీ ఒకే గాటన కట్టింది. సంబంధాలు చూసేటప్పుడు మాత్రల డబ్బా బీరువాలోకి పోతుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఫారంలో 'ఏమీ లేవు' అని టిక్ పడుతుంది. రాత్రి షిఫ్టులో నిద్ర చాలక ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని తెలిసీ షిఫ్టు మార్చమని అడగరు. అడిగితే బయటపడుతుందిగా. జెర్రీ కిల్‌కి వేలమంది ముందు బయటపడిపోయింది కాబట్టి దాచే అవకాశమే లేకపోయింది. అదే ఆయన్ని కాపాడిందేమో కూడా.

ఆ కుర్రాడు మొన్నామధ్య కలిశాడు. ఇప్పుడు వేరే కంపెనీ, కింద పదిహేనుమంది టీమ్. హెచ్ఆర్‌కి ఇప్పటికీ చెప్పలేదట. చేరిన మొదటి రోజే పక్క సీటులో ఉన్న అమ్మాయికి మాత్రం చెప్పాడట: "పడిపోతే పక్కకి తిప్పు, టైం చూడు. తాళాలు మాత్రం నా చేతిలో పెట్టకు తల్లీ."