చివరి బల్ల గారికి ఒక విశ్వాసి విన్నపం

మహారాజశ్రీ మా చర్చి చివరి బల్ల గారికి,

వందనాలండి. నేను క్షేమం. తమరూ క్షేమమే అని రాద్దును గానీ, కుడివైపు కాలు ఊగుతున్న సంగతి నాకు తెలియనిదా? పదకొండేళ్లుగా ప్రసంగం వేళ నా కునుకంతా ఆ ఊపులోనే కదా.

తమ వంశ చరిత్ర కొంచెం చదివాను. మొదట్లో చర్చిల్లో బల్లలు పెద్దగా ఉండేవి కావట, జనం నిలబడే ఆరాధించేవారట. 16వ శతాబ్దపు క్రైస్తవ మత సంస్కరణ తర్వాత ఆరాధనలో ప్రసంగానిదే పెద్దపీట అయింది, దాంతోపాటు మీకూ గిరాకీ పెరిగింది. ఇంగ్లండులో, అమెరికాలో మీ అన్నదమ్ములకు అద్దె కూడా కట్టేవారు. డబ్బున్నవాడికి ముందు బల్ల, లేనివాడికి మీలాంటివారు. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు చూపించి, బీదవాణ్ణి నా పాదపీఠం దగ్గర కూర్చోమంటారా అని బైబిల్లో యాకోబు తన పత్రికలో, అంటే సంఘాలకు రాసిన లేఖలో, ముందే గడ్డి పెట్టాడు. పత్రిక అందరూ చదివారు, అద్దె మాత్రం వసూలు చేశారు.

ఇప్పుడు అద్దెలు లేవు లెండి. ముందు వరసలో మెత్తని కుర్చీలున్నాయి, వాటి మీద ‘ప్రత్యేకించబడినవి’ అని కాగితం అంటించి ఉంటుంది. ప్రతిష్ఠ చేశారు కాబోలనుకుని నేను చాన్నాళ్లు వాటికి దూరంగా జరిగి నడిచాను.

నాకైతే మీరే ఇష్టం. తలుపు దగ్గర. ముగింపు ప్రార్థనకు మూసిన కళ్లు జనం తెరిచేలోగా నేను గేటు దాటేసి ఉంటాను. ఎవరైనా అడిగితే, యేసు చెప్పిన కథలో దూరంగా నిలబడి, రొమ్ము కొట్టుకుంటూ ప్రార్థించిన సుంకరి, అదే పన్నులు వసూలు చేసేవాడు, నాకు ఆదర్శమంటాను. రొమ్ము కొట్టుకోవడం ఒక్కటే బాకీ.

మీకు ఈ మధ్య పోటీ వచ్చింది. 2020లో చర్చి తలుపులు మూతపడినప్పుడు ఆరాధన ఫోనులోకి ఎక్కింది. తలుపులు తెరిచాక కొందరు అందులోంచి దిగలేదు. నేనూ కొన్నాళ్లు ప్రయత్నించాను. మంచం మీద వాలి చూస్తే మీకంటే సుఖమే. కీర్తనలు ముందుకు జరుపుకోవచ్చు, కానుకల పాట రాగానే సిగ్నలు పోయిందనుకోవచ్చు. ఒక్కటే లోటు, దగ్గు వస్తే పక్కనుంచి పిప్పరమెంటు బిళ్ల అందించేవాడు లేడు.

ఆ బిళ్లల ఆయన గురించే ఈ ఉత్తరం. మీకు తెలుసు, ఎడమ చివర కూర్చునేవాడు. బైబిలు అట్టకు మైనపు గుడ్డ తొడుగు, చొక్కా జేబులో చప్పుడు చేసే బిళ్లల పొట్లం. నాలుగేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం. ‘వందనాలు బ్రదర్’ అంటే పని జరిగిపోయేది, పేరు అడిగే అవసరం రాలేదు. ప్రభువు బల్ల దగ్గరికి, అదే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోటికి, కలిసే వెళ్లేవాళ్లం, ఒకే రొట్టె విరిచి తీసుకుని, మళ్లీ వచ్చి మీ రెండు చివర్లా సర్దుకునేవాళ్లం.

ఆరు ఆదివారాలుగా ఆయన రాలేదు. మొదటి మూడు వారాలు నేను గమనించనేలేదు, చోటు విశాలమైందని కాళ్లు చాపుకున్నాను. బైబిల్లో ఐతుకు అనే కుర్రాడు ప్రసంగం వింటూ నిద్రలో మూడో అంతస్తు కిటికీలోంచి పడితే, ప్రసంగిస్తున్న అపొస్తలుడు పౌలంతటివాడు ప్రసంగం ఆపి కిందికి దిగివెళ్లి కౌగిలించుకున్నాడు. మన దగ్గర మైకు చప్పుడులో ఎవరు పడ్డారో వినపడదు. పాస్టరు గారిని తప్పుపడదామంటే, పక్కన కూర్చున్నది ఆయన కాదాయె.

మొన్న ప్రకటనల్లో, ఆసుపత్రిలో ఉన్నవారి కోసం ప్రార్థించమని ఐదు పేర్లు చదివారు. అందులో ఆయన ఉన్నాడో లేడో నాకెలా తెలుస్తుంది? ఐదింటికీ కలిపి గట్టిగా ఆమేన్ అన్నాను.

మీ చెక్కల సందులో ఆయన బిళ్ల కాగితం ఒకటి ఇరుక్కుని ఉంది, తుడిచేవాళ్లను తీయనివ్వకండి. ఇన్నేళ్లు మోసినవారు, మీకైనా తెలిసి ఉండాలి. ఆయన పేరేమిటండీ?

ఇట్లు,
కుడి చివర బ్రదర్