పేషెంట్ తాలూకు ఎవరమ్మా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఓ ఇంటికి వెళ్లాను. మంచం మీద అత్త, కింద చాప మీద కోడలు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వెన్నుపూస బిగుసుకుపోయి, అత్తకు నడుము కింది భాగం చచ్చుబడి ఆరేళ్లయింది. పుండ్లు పడకుండా గాలి పరుపు వేశారు. దానికో చిన్న మోటారు, రాత్రంతా గుర్రుమంటూనే ఉంటుంది. "ఈ సప్పుడుకు నిద్రెట్ల పడుతది?" అని కోడలిని అడిగాను. "సప్పుడుంటేనే పడుతదక్కా. కరెంటు పోయి అది ఆగిందనుకో, దిగ్గున లేస్త" అంది. గాలి దిగితే ఎముకలు ఒత్తుకుని తోలు లేచిపోతుంది. మళ్లీ కరెంటు వచ్చేదాకా అత్తను ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పుతూ ఆమె మేలుకునే ఉండాలి.

పింఛన్ల గొడవ మనకు తెలిసిందే. తెలంగాణలో నెలకు వికలాంగులకు 4,016, వృద్ధులకు 2,016 రూపాయలు. వాటిని ఆరు వేలు, నాలుగు వేలు చేస్తామన్న హామీ మీద వాదనలు రోజూ వింటున్నాం. పెంచాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ డబ్బు మంచం మీదున్న మనిషిది, మందులకూ డైపర్లకే చాలదు. మంచం పక్కనున్న మనిషికి ఏముంది? పత్తి ఏరే రోజుల్లో ఊరంతా కైకిలికి పోతుంటే ఇంట్లోనే ఆగిపోయిన ఆమె నష్టాన్ని ఎవరు ఏ లెక్కలో రాస్తున్నారు?

నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి ఎంత మాట్లాడుకున్నాం! ఫ్లోరైడ్ బాధితుడు అంశాల స్వామిని ఢిల్లీ దాకా తీసుకెళ్లి ప్రధాని వాజపేయికి చూపించారు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, ఇళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి. మంచి పనే. కానీ ఒకసారి వంగిన ఎముక నీళ్లు మారితే నిటారు కాదు. ఆ శరీరాలను ఇవాళ్టికీ ఎవరో ఒకరు ఎత్తాలి, కడగాలి, తినిపించాలి. వంకర కాళ్ల ఫోటోలు ఇన్నేళ్లుగా పేపర్లలో చూశాం. ఆ బిడ్డను చంకనేసుకున్న తల్లి కూడా ఆ ఫోటోలోనే ఉంటుంది. వార్తలో ఆమె గురించి ఒక్క ముక్క ఉండదు. పాలమూరు ఊళ్లలో ఇంకో రకం. కొడుకులు ముంబై, పుణె వలస పోతే పక్షవాతం వచ్చిన తండ్రి ఇంట్లో మిగిలిన ఆడమనిషి వంతు.

ఆసుపత్రిలో అరిచి పిలుస్తారు కదా, "పేషెంట్ తాలూకు ఎవరమ్మా?" అని. ఆమె లేచి నిలబడుతుంది. సంతకం ఆమెది, స్కానింగ్ దగ్గర లైను ఆమెది, వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపుకు మోసుకెళ్లే నడుమూ ఆమెదే. ఆ నడుము నొప్పి సంగతి అడిగేవారు లేరు. అత్త బీపీ చూసి వెళ్లిపోయే చేతులు పక్కనే ఉన్న కోడలి బీపీ ఎందుకు చూడవు?

ఇలా చూసుకునే వాళ్లకు సర్కారు భత్యం ఇవ్వాలంటాను నేను. ఇంట్లో వాళ్లను చూసుకోవడం ధర్మమనీ, దానికి డబ్బు కడితే బంధం పలచబడుతుందనీ కొందరంటారు. ఖజానా సంగతేమిటని ఇంకొందరు అడుగుతారు. ధర్మమే, కాదనను. మరి ఆ ధర్మం కొడుకులకు లేదా, ఊరికి లేదా, సర్కారుకు లేదా? తల్లిదండ్రులను వదిలేసిన వాళ్లను నిలదీయడానికి 2007లోనే చట్టం తెచ్చుకున్నాం. వదిలేయకుండా చూసుకుంటున్న వాళ్లకు ఆ చట్టంలో ఏం రాశాం?

అసలు విషయం ఏమిటంటే, దారి ఇప్పటికే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండో సెక్షన్ చదవండి. సంరక్షకులంటే ఎవరో చెబుతూ, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా తల్లిదండ్రులూ ఇతర కుటుంబ సభ్యులూ అందులోకి వస్తారని రాశారు. ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగుల విషయంలో సంరక్షణ భత్యం ఇవ్వాలని 24వ సెక్షన్‌లో ఉంది. అయితే అదే సెక్షన్‌లో ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అని ఒక మాట పెట్టారు. ఆ మాట చాటున తప్పించుకోవచ్చు. కేరళ మాత్రం మంచాన పడ్డ వారిని చూసుకునే వాళ్లకు ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 రూపాయలు పెట్టింది. ఆరు వందలతో ఏం వస్తుందని అడగొచ్చు. నువ్వు చేసేది పనే అని సర్కారు ఒప్పుకున్నట్టు అవుతుంది. నాకు ముందు కావాల్సింది అదే.

ఎందుకంటే మనకు ఆడవాళ్ల పని కంటికి ఆనదు. సర్వేకు వచ్చినాయన ఏం పని చేస్తవమ్మా అంటే, "ఏం లేదు, ఇంటికాడనే ఉంట" అని ఆమే చెబుతుంది. 2024 కాల వినియోగ సర్వే చూడండి. 15 నుంచి 59 ఏళ్ల వారిలో, ఇంట్లో వాళ్లను చూసుకునే ఆడవాళ్లు రోజుకు సుమారు 140 నిమిషాలు దానికే పెడుతున్నారు, మగవాళ్లు 74. మర్రిగూడ కోడలి రాత్రులు చూశాక ఆ 140 కూడా నాకు చిన్నగానే కనిపించింది. ఆశా, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం వండే అక్కల సంగతీ ఇంతే. చాకిరీ ముందు సేవ అని పేరు పెట్టి, తర్వాత జీతం బదులు పారితోషికం, గౌరవ వేతనం అంటూ చేతిలో పెడతాం. ఇంట్లో చాకిరీకి విలువ కట్టని చూపుతోనే బయట చాకిరీకి తక్కువ కడుతున్నాం. రెండింటి మీదా ఒకే పోరాటం జరగాలి.

భత్యం వచ్చేలోగా కొన్ని ఆసరాలున్నాయి, వాడుకోవాలి. మంచాన పడ్డ వారి దగ్గరికి ఇంటికే వచ్చి నొప్పీ బాధా తగ్గేలా చూసే 'ఆలన' పాలియేటివ్ కేర్ బృందాల గురించి జిల్లా ఆసుపత్రిలో అడగండి. గుండె బరువెక్కి నిద్ర పట్టని రాత్రి 14416కు ఫోన్ చేయొచ్చు, అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం. కానీ ఆమెకు అన్నిటికన్నా కావాల్సింది రెండు గంటల సెలవు. నాట్లకూ కలుపుకూ ఒకరికొకరు బదులు పోవడం మన ఊళ్లకు తెలిసిందే. మంచం దగ్గరికి అలా ఎందుకు పోకూడదు? వారానికొకరు రెండు గంటలు కూర్చుంటే చాలు. ఊరూరా మహిళా సంఘాలున్నాయి, వంతులు వేయడం వాళ్లకు కొత్త కాదు.

రెండు గంటలు దొరికితే ఏం చేస్తవని మర్రిగూడ కోడలిని అడిగాను. పండుకుంట అంటుందనుకున్నాను. "సంఘం మీటింగుకు పోత. మూడు నెలల సంది పోలేదని ఫైన్ ఏసిండ్రు" అంది. వంతులు వేయడానికి కూర్చునే ఆ సంఘం, ముందు ఆ ఫైన్ కొట్టేసి మొదలుపెట్టాలి.