సవరణ: పడవ నేలకు ఇనుప స్క్రూలు వద్దు

చిన్న అల్యూమినియం చేపల పడవలో నేల చెక్క తీసేసి 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు పరచడం గురించి పోయిన నెల రాశాను. "మంచినీళ్లే కదా, మామూలు ఇనుప స్క్రూలు చాలు" అన్నాను. అది తప్పు. దయచేసి అలా చేయకండి.

మొన్న మా బావగారి పడవలో ఒక స్క్రూ విప్పి చూశాను. తల చుట్టూ తెల్లటి పొడి, వేలితో రుద్దితే రాలుతోంది. రేకులో చిల్లు వదులైపోయింది. తడిలో ఇనుము, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే అల్యూమినియమే కరిగిపోతుంది. ఉప్పునీళ్లలో కన్నా మంచినీళ్లలో నెమ్మదిగా జరుగుతుంది, అంతే తేడా.

అల్యూమినియం రివెట్లు వాడండి. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి. స్టెయిన్‌లెస్ స్టీల్ తప్పదనుకుంటే కింద నైలాన్ వాషర్ పెట్టండి. ఏదైనా సరే, రేకును పడవ లోపలి అడ్డపట్టీలకే బిగించాలి, పడవ అడుగుకు చిల్లు పెట్టకూడదు.

ఇంకొకటి, అంచులు బిగుతుగా కూర్చోబెట్టమన్నాను. అదీ సరికాదు. 2 మీటర్ల రేకు వేడి 40 డిగ్రీల మేర పెరిగితే అది దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. మన హైదరాబాద్ మే ఎండలో అది మామూలే. చుట్టూ కాస్త సందు వదలండి, నీళ్లు కూడా అందులోంచే కిందికి దిగిపోతాయి.

నా మాట విని ఇప్పటికే ఇనుప స్క్రూలు బిగించినవాళ్లు వానాకాలం లోపే మార్చేయండి. క్షమించండి.